బొంత బ్లాకును ముందు కంప్యూటర్‌లో గీద్దాం

మన ఇళ్లలో బొంత అంటే పాత నేత చీరలు, పంచెలు నాలుగైదు పొరలుగా పరిచి, వరసలు వరసలుగా సూది నడిపి కుట్టేది. పైపొరకు ఒకే చీర పరిచేస్తే పని తొందరగా అయిపోతుంది. అదే పైపొరను రంగు రంగుల ముక్కలతో చేయాలంటే మాత్రం ముందు లెక్క కావాలి. ఎన్ని ముక్కలు, ఏ కొలత, ఏ రంగు పక్కన ఏ రంగు? ఇవి తేల్చుకోకుండా కత్తెర పట్టుకుంటే అమ్మ కట్టుకున్న చీర ముక్కలైపోతుంది, బొంత మాత్రం సగంలో ఆగిపోతుంది. చీరను మళ్లీ అతకలేం. కంప్యూటర్‌లో గీసిన గీతను మాత్రం ఎన్నిసార్లయినా చెరిపేయవచ్చు. ఈ పాఠమంతా ఆ ఒక్క సౌకర్యం కోసమే.

ముక్కల బొంతలు అన్ని చోట్లా ఉన్నాయి. మన లంబాడీ ఆడవాళ్లు చదరాలు, త్రికోణాలు అతికి అద్దాలు కుడతారు. ఉత్తర కర్ణాటకలో సిద్దీలు కుట్టే కవంది కూడా పాత బట్టల ముక్కలదే. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని జీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతల బొమ్మలతో అక్కడి తపాలా శాఖ 2006లో స్టాంపులు వేసింది. ముక్కల బొంతలో మళ్లీ మళ్లీ వచ్చే చదరపు డిజైనును బ్లాకు అంటాం. ఈ రోజు మనం రెండు బ్లాకులు గీద్దాం. ఒకటి తొమ్మిది గళ్ల బ్లాకు, రెండోది నక్షత్రం. రెండూ పాత సంప్రదాయంలోవే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ముందుగా నేర్పేది కూడా వీటినే.

రంగులకు మనం ఎక్కడికో పోనక్కర్లేదు. నౌపడ స్టేషన్ నుంచి కాస్త నడిస్తే ఉప్పు మడులు కనిపిస్తాయి. తెల్లటి ఉప్పు, గోధుమరంగు గట్టు, మబ్బు నీడ పడ్డ నీలం నీళ్లు. మన రెండు బ్లాకులకూ ఆ మూడు రంగులు చాలు.

ఏమేం కావాలి?

కంప్యూటర్ పనికి:

- ఒక ల్యాప్‌టాప్ లేదా డెస్క్‌టాప్. పాతదైనా ఫర్వాలేదు. ఫోనులో ఈ పని కుదరదు.
- ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్. 2003 నుంచి ఉన్నది, పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. దాని సొంత వెబ్‌సైటు నుంచే దించుకోండి. బొంతల కోసమే తయారైన ఈక్యూ8 లాంటి సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి కానీ వాటికి డబ్బు పెట్టాలి. చేయి తిరిగాక ఆలోచించుకోవచ్చు.
- ఒక మౌస్. ల్యాప్‌టాప్ మీది ప్యాడ్‌తో గీతలు గీయడం మొదటిసారి విసుగు తెప్పిస్తుంది.

గుడ్డ పనికి:

- ఉతికి ఆరేసిన పాత నేత చీరలు, కనీసం ఒకటి లేతది, ఒకటి ముదురుది. పొందూరు ఖద్దరు పంచె పాతబడినది ఉంటే లేత రంగుకు అంతకన్నా మంచిది దొరకదు.
- అంగుళాల స్కేలు, టేపు, పెన్సిలు, పదునైన కత్తెర, గుండుసూదులు, నూలు దారం.
- గట్టి అట్ట. పాత క్యాలెండరు అట్టో, బట్టల షాపు పెట్టె అట్టో చాలు.
- గంజి, ఇస్త్రీ పెట్టె.

మెత్తబడిపోయిన పాత చీర కత్తెర కింద జారిపోతుంది, అంచులు పోగులు పోతాయి. అందుకే కోసే ముందు పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేద్దాం. ముదురు రంగు చీరైతే ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్దండి. రంగు అంటితే దాన్ని తెల్లముక్క పక్కన పెట్టకండి. మొదటి ఉతుకులోనే ఉప్పు మడి కాస్తా నీలిమందు తొట్టె అయిపోతుంది.

మొదలుపెట్టే ముందు: రెండు కొలతలు

ఈ ఒక్క భాగం నెమ్మదిగా చదవండి. కొత్తవాళ్లలో చాలామంది తప్పేది ఇక్కడే.

బొంతలో ప్రతి ముక్కకూ రెండు కొలతలుంటాయి. కుట్టాక కంటికి కనిపించే కొలత ఒకటి. కత్తిరించాల్సిన కొలత రెండోది. ముక్కను పక్క ముక్కకు కుట్టినప్పుడు నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున కుట్టు మార్జిన్ లోపలికి పోతుంది. అంటే కుట్టాక 3 అంగుళాలు కనిపించాలంటే 3.5 అంగుళాల ముక్క కోయాలి.

మన బ్లాకు కుట్టాక 9 అంగుళాల చదరం. అందులో అడ్డంగా మూడు, నిలువుగా మూడు గళ్లు, ఒక్కో గడి 3 అంగుళాలు. తెర మీద మనం గీసేదంతా కుట్టాక కనిపించే కొలతలోనే గీస్తాం. కత్తిరింపు కొలత చివర్లో, అట్ట ముక్కలు గీసేటప్పుడు మాత్రమే వస్తుంది. ఈ రెండింటినీ ఒకే బొమ్మలో కలిపారా, ఇక లెక్క తేలదు.

విధానం: కాగితం, గళ్లు సిద్ధం చేయడం

1. ఇంక్‌స్కేప్ తెరిచి కొత్త ఫైలు తీసుకుందాం. ఫైల్ మెనూలో డాక్యుమెంట్ ప్రాపర్టీస్ నొక్కండి. కొలతల యూనిట్ ‘ఇన్’ అని మార్చి, వెడల్పు 9, ఎత్తు 9 అని కొట్టండి. తెర మీద తెల్లటి చదరం కనిపిస్తుంది. అదే మన బ్లాకు.

2. అదే పెట్టెలో గ్రిడ్స్ అనే భాగానికి వెళ్లి చదరపు గళ్ల గ్రిడ్ ఒకటి చేర్చండి. దాని యూనిట్ కూడా అంగుళమే. స్పేసింగ్ అడ్డం 1, నిలువు 1. ముఖ్యమైన గీత ప్రతి 3 గళ్లకు ఒకటి. ఇప్పుడు తెర నిండా సన్నగీతలు, మూడంగుళాలకొక ముదురు గీత వస్తాయి. చుక్కల ముగ్గుకు ముందు చుక్కలు పెట్టుకున్నట్టే ఇది. చుక్కలు వరసగా ఉంటే చేయి తప్పదు.

3. కుడివైపు పైన మ్యాగ్నెట్ గుర్తు ఉంటుంది. దాన్ని ఒకసారి నొక్కి ఆన్‌లో ఉంచండి. పక్కనున్న బాణం గుర్తు తెరిస్తే గ్రిడ్స్ అనే ఎంపిక కనిపిస్తుంది. దాని దగ్గర టిక్ ఉందో లేదో చూడండి. ఇది ఉంటే మనం గీసే గీత దగ్గరలోని గడి మూలకు తనంతట తాను అతుక్కుంటుంది.

4. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరిచి, టూల్స్ అనే భాగంలో బౌండింగ్ బాక్స్ ‘జియోమెట్రిక్’ అని మార్చండి. పేరు చూసి భయపడకండి. మామూలుగా ఇంక్‌స్కేప్ ముక్క చుట్టూ ఉన్న గీత మందాన్ని కూడా ముక్క కొలతలో కలిపేస్తుంది. ఇది మార్చకపోతే 3 అంగుళాల ముక్క 3.04 అని చూపించి మనల్ని తికమక పెడుతుంది.

5. ఫైలును ‘తొమ్మిది గళ్లు’ అని పేరు పెట్టి ఇప్పుడే సేవ్ చేయండి. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ప్రతి నాలుగైదు మెట్లకూ కంట్రోల్, ఎస్ కలిపి నొక్కే అలవాటు చేసుకుందాం.

విధానం: తొమ్మిది గళ్ల బ్లాకు

6. ఎడమవైపు పనిముట్ల వరసలో చదరం గుర్తు నొక్కండి. ఆర్ అక్షరం నొక్కినా వస్తుంది. పైన ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒక గడి మేర లాగండి. పైన ఉన్న పెట్టెల్లో వెడల్పు 3, ఎత్తు 3 ఉండాలి. లేకపోతే మీరే కొట్టండి. యూనిట్ ‘ఇన్’ అని ఉందో లేదో కూడా చూడండి.

7. అదే వరసలో ఆర్ఎక్స్, ఆర్‌వై అనే రెండు పెట్టెలుంటాయి. రెండూ సున్నా కావాలి. అక్కడ ఏ అంకె ఉన్నా చదరం మూలలు గుండ్రమైపోతాయి.

8. ముక్కకు రంగు వేద్దాం. కింద రంగుల వరసలో గోధుమరంగు నొక్కండి. చుట్టూ గీత వద్దనుకుంటే షిఫ్ట్ నొక్కి ఉంచి, ఆ వరస మొదట్లో ఉన్న ఇంటూ గుర్తు నొక్కండి.

9. ఇప్పుడు ఎస్ అక్షరం నొక్కి బాణం గుర్తుకు రండి. ముక్కను ఎంచుకుని కంట్రోల్, డి కలిపి నొక్కండి. కాపీ వచ్చింది. కానీ తెర మీద ఏమీ మారదు, ఎందుకంటే కాపీ సరిగ్గా పాత ముక్క మీదే కూర్చుంటుంది. ఏమీ కాలేదనుకుని మళ్లీ మళ్లీ నొక్కితే ఒకదాని కింద ఒకటి అయిదారు ముక్కలు దాక్కుంటాయి. ఒక్కసారే నొక్కి, వెంటనే కదపండి.

10. కదపడానికి మౌస్‌తో లాగడం కన్నా అంకె కొట్టడమే నయం. పైన ఎక్స్, వై అనే పెట్టెలున్నాయి. ఎక్స్ అంటే ఎడమ అంచు నుంచి దూరం, వై అంటే పై అంచు నుంచి దూరం. మన ముక్కలన్నిటికీ ఈ అంకెలు 0, 3, 6 మాత్రమే. పై వరసలో మూడు ముక్కలకు వై 0. ఎక్స్ వరసగా 0, 3, 6. మధ్య వరసకు వై 3. కింది వరసకు వై 6. అలా తొమ్మిది ముక్కలూ పెట్టేద్దాం.

11. నాలుగు మూలలు, నడిమి గడి గోధుమరంగులో ఉంచండి. మిగతా నాలుగు గళ్లను తెల్లగా మార్చండి. ముదురు అయిదు, లేత నాలుగు. ఇదే తొమ్మిది గళ్ల బ్లాకు. మొదటి డిజైను అయిపోయింది.

12. మౌస్‌తో మొత్తం చుట్టి ఎంచుకుని, కంట్రోల్, జి నొక్కి గ్రూపు చేయండి. సేవ్ చేయండి.

విధానం: నక్షత్రం బ్లాకు

ఇంగ్లిషులో దీన్ని ఫ్రెండ్‌షిప్ స్టార్ అంటారు. ఇదీ తొమ్మిది గళ్లదే. నాలుగు మూలలు లేత, నడిమి గడి ముదురు. మిగిలిన నాలుగు గళ్లలో ఒక్కోటి సగం లేత, సగం ముదురు. ఆ నాలుగూ కలిసి నక్షత్రానికి నాలుగు కొనలవుతాయి.

13. పాత ఫైలునే ‘నక్షత్రం’ అనే కొత్త పేరుతో సేవ్ చేసుకోండి. గ్రూపు విడదీయడానికి కంట్రోల్, షిఫ్ట్, జి. నాలుగు మూల ముక్కలను లేతగా మార్చండి. నడిమి ముక్కను నీలం చేయండి. మూలల మధ్యలో ఉన్న నాలుగు లేత ముక్కలను తీసేయండి.

14. బి అక్షరం నొక్కితే గీతలు గీసే పెన్ను వస్తుంది. పై వరస మధ్య గడిలో మూడు మూలలు నొక్కుతూ వెళ్లండి: కింద ఎడమ, కింద కుడి, పైన ఎడమ. చివరగా మొదలుపెట్టిన మూల మీదే మళ్లీ నొక్కండి. త్రికోణం మూసుకుంటుంది. నీలం రంగు వేయండి.

15. అదే గడిలో మిగిలిన సగాన్ని అలాగే లేత త్రికోణంగా గీయండి. మూలలు: పైన ఎడమ, పైన కుడి, కింద కుడి. రెండు త్రికోణాలనూ ఎంచుకుని గ్రూపు చేయండి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చూద్దాం. నీలం త్రికోణం కింది అంచు మొత్తం నడిమి గడికి ఆనుకుని ఉందా? ఉండాలి. కొన మాత్రమే తాకుతుంటే త్రికోణం తిరగబడినట్టు.

16. ఈ గ్రూపును కాపీ చేయండి. ఆబ్జెక్ట్ మెనూలో 90 డిగ్రీలు కుడికి తిప్పే ఆజ్ఞ ఉంటుంది, దాన్ని ఒక్కసారి నొక్కండి. ఎక్స్ 6, వై 3 అని కొట్టండి. ఇది కుడి కొన.

17. ఆ కుడి కొనను కాపీ చేసి మళ్లీ ఒకసారి తిప్పండి. ఎక్స్ 3, వై 6. ఇంకోసారి కాపీ, ఇంకోసారి తిప్పడం. ఎక్స్ 0, వై 3. నక్షత్రం పూర్తయింది. నాలుగు కొనలూ ఒకే దిక్కుకు తిరుగుతున్నట్టు కనిపించాలి. ఒక్కటి ఎదురు తిరిగినా కంటికి తెలిసిపోతుంది. మొత్తం గ్రూపు చేసి సేవ్ చేయండి.

విధానం: మన చీరల అసలు రంగులు

18. చీరలను పగటి వెలుతురులో, నీడ పట్టున పరిచి ఫోనుతో ఫొటో తీయండి. రాత్రి బల్బు కింద తీస్తే తెలుపు పసుపవుతుంది. ఫొటోను కంప్యూటర్‌లోకి తెచ్చి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ ద్వారా బ్లాకు పక్కన పెట్టండి.

19. గ్రూపులోని ఒక ముక్కను మాత్రమే పట్టుకోవాలంటే కంట్రోల్ నొక్కి ఉంచి ఆ ముక్క మీద నొక్కాలి. ముక్క ఎంపికయ్యాక డి అక్షరం నొక్కండి, రంగు పీల్చే పనిముట్టు వస్తుంది. దానితో ఫొటోలోని చీర మీద నొక్కితే ముక్కకు చీర రంగే వస్తుంది. ముందు ముక్క, తర్వాత ఫొటో. ఈ క్రమం తారుమారైతే ఏమీ జరగదు.

20. రంగులు కుదిరాయో లేదో చూసే సులువైన పరీక్ష ఇది. తెరను ఫోనుతో ఫొటో తీసి, నలుపు తెలుపులోకి మార్చి చూడండి. నక్షత్రం స్పష్టంగా కనిపిస్తే రంగులు బాగున్నట్టు. మసకగా కలిసిపోతే లేత, ముదురు తేడా చాలదు. ఎరుపు, ఆకుపచ్చ విడిగా చూస్తే ఎంతో తేడా అనిపిస్తాయి కానీ నలుపు తెలుపులో చాలాసార్లు ఒకే బూడిదరంగు అవుతాయి.

విధానం: మొత్తం బొంత

21. కొత్త ఫైలు తెరిచి కాగితం వెడల్పు 45, ఎత్తు 63 అంగుళాలు పెట్టండి. అడ్డంగా అయిదు బ్లాకులు, నిలువుగా ఏడు, మొత్తం 35. తొమ్మిది గళ్లది, నక్షత్రం ఒకటి విడిచి ఒకటి వస్తాయి. చుట్టూ 3 అంగుళాల అంచు వేస్తే పూర్తి బొంత 51 అంగుళాల వెడల్పు, 69 అంగుళాల పొడవు. ఒకరు పడుకునే మంచానికి సరిపోతుంది.

22. రెండు బ్లాకులనూ పాత ఫైళ్ల నుంచి కాపీ చేసి ఇక్కడ అతికించండి. రెండింటినీ కాగితం బయట, ఎడమవైపు పెట్టండి. తొమ్మిది గళ్లదానికి ఎక్స్ మైనస్ 12, వై 0. నక్షత్రానికి ఎక్స్ మైనస్ 12, వై 12. ఇవి మన మూలాలు. వీటిని ఇక కదపకూడదు. మూలాన్ని జరిపితే దాని ప్రతిరూపాలన్నీ కూడా జరుగుతాయి.

23. మూలాన్ని ఎంచుకుని ఆల్ట్, డి నొక్కండి. వచ్చేది క్లోన్. కాపీకీ క్లోన్‌కూ తేడా ఉంది. మూలంలో రంగు మారిస్తే క్లోన్లన్నిటిలోనూ అదే మారుతుంది. 35 బ్లాకుల రంగును ఒక్క నొక్కుతో మార్చి చూడగలగడం కాగితం మీద కుదరని పని.

24. మొదటి వరస: తొమ్మిది, నక్షత్రం, తొమ్మిది, నక్షత్రం, తొమ్మిది. వై 0, ఎక్స్ వరసగా 0, 9, 18, 27, 36. అయిదింటినీ గ్రూపు చేయండి. రెండో వరస నక్షత్రంతో మొదలై నక్షత్రంతో ముగుస్తుంది. దానికి వై 9.

25. ఈ రెండు వరసలనే కంట్రోల్, డి తో కాపీ చేసుకుంటూ కిందికి దించుదాం. మొదటి రకం వరసలు వై 0, 18, 36, 54. రెండో రకం 9, 27, 45. లెక్క చూసుకోండి: తొమ్మిది గళ్లవి 18, నక్షత్రాలు 17.

ఇప్పుడు కాసేపు రంగులతో ఆడుకోవచ్చు. ఉప్పు మడుల తెలుపు, గోధుమ, నీలం ఒక రకం. తేలినీలాపురంలో దిగే పక్షుల బూడిద, గులాబీ, నలుపు ఇంకో రకం. నచ్చిన ప్రతి రకాన్నీ వేరే పేరుతో సేవ్ చేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ చూడండి. అప్పటికీ నచ్చిందే మన బొంత.

విధానం: గుడ్డ లెక్క

26. తొమ్మిది గళ్ల బ్లాకుకు 3.5 అంగుళాల ముదురు ముక్కలు 5, లేతవి 4. నక్షత్రానికి 3.5 అంగుళాల ముదురు ముక్క 1, లేతవి 4. త్రికోణాల కోసం 4 అంగుళాల ముదురువి 2, లేతవి 2.

27. చుట్టూ వేసే అంచు కాక, మొత్తం బొంతకు 3.5 అంగుళాలవి ముదురు 107, లేత 140. 4 అంగుళాలవి ముదురు 34, లేత 34. 44 అంగుళాల వెడల్పు గుడ్డలో ఒక వరసకు 3.5 అంగుళాల ముక్కలు 12 వస్తాయి, 4 అంగుళాలవి నికరంగా 10. ఆ లెక్కన ముదురు గుడ్డ 48 అంగుళాలు, లేత గుడ్డ 58 అంగుళాల పొడవు చాలు. తొమ్మిది గళ్లలో గోధుమ, నక్షత్రంలో నీలం వేస్తే ముదురు లెక్కను 90 గోధుమ, 17 నీలం అని విడదీసుకోండి. 4 అంగుళాల ముదురువన్నీ నీలమే.

28. చీర అయిదున్నర మీటర్లుంటుంది కాబట్టి ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. నిజమే. అందుకే చిరుగులు, పలచబడిన కుచ్చిళ్ల భాగం, మరకలు వదిలేసి గట్టిగా ఉన్నచోటే కోసుకోవచ్చు. గుడ్డను వెలుతురుకు ఎత్తి చూడండి. చేతివేళ్లు కనిపిస్తే ఆ భాగం పైపొరకు పనికిరాదు, లోపలి పొరల్లో వేయండి. చీర అంచు బాగుంటే దాన్నే బొంత చుట్టూ అంచుగా వేసుకోవచ్చు.

విధానం: అట్ట ముక్కలు

29. మరో కొత్త ఫైలు, ఈసారి ఏ4 కాగితం. 3.5 అంగుళాల చదరం ఒకటి, దాని కింద 4 అంగుళాల చదరం ఒకటి గీయండి. రంగు వద్దు, సన్నటి నల్లగీత చాలు. 3.5 చదరం లోపల సరిగ్గా మధ్యలో 3 అంగుళాల చదరం గీస్తే అదే కుట్టు గీత. 4 అంగుళాల చదరంలో మూల నుంచి మూలకు ఒక గీత గీయండి.

30. కాగితం మూలలో 1 అంగుళం చదరం కూడా గీయండి. ఇది పరీక్ష కోసం. ఫైలును పీడీఎఫ్‌గా సేవ్ చేసి, టెక్కలిలోనో మీకు దగ్గర్లోనో ఉన్న జిరాక్స్ షాపులో ప్రింటు తీయించండి. ‘యాక్చువల్ సైజ్’ లేదా నూరు శాతం పెట్టమని ముందే చెప్పాలి. ‘ఫిట్ టు పేజ్’ ఉంటే కొలత మారిపోతుంది. షాపులోనే స్కేలు పెట్టి అంగుళం చదరాన్ని కొలవండి. ఇంటికొచ్చి చూసుకుంటే మళ్లీ వెళ్లాలి.

31. కాగితాన్ని అట్టకు అతికి, ఆరాక గీత వెంట కోయండి. గుడ్డ మీద ఈ అట్టను పడుగు దారం వెంట నిటారుగా పెట్టి పెన్సిలుతో గీసుకోవాలి. వాలుగా పెడితే ముక్క సాగిపోతుంది.

విధానం: ముందు ఒక్కో బ్లాకు

32. 35 బ్లాకులకూ ఒకేసారి కోయవద్దు. ఒక తొమ్మిది గళ్లది, ఒక నక్షత్రం కోసి కుట్టి చూద్దాం. వరసలో మూడు ముక్కలు కలిపి, మూడు వరసలు చేసి, ఆ వరసలను కలపండి.

33. త్రికోణాల చదరానికి లేత, ముదురు 4 అంగుళాల ముక్కలను మంచివైపులు ఎదురెదురుగా పెట్టండి. మూల నుంచి మూలకు పెన్సిలు గీత గీసి, ఆ గీతకు అటు పావు అంగుళం, ఇటు పావు అంగుళం దూరంలో కుట్టండి. గీత మీద కోస్తే రెండు చదరాలు వస్తాయి. విప్పి ఇస్త్రీ చేసి, 3.5 అంగుళాలకు సరిచేయండి. సరిచేసేటప్పుడు వాలుకుట్టు సరిగ్గా మూలల్లోకే వెళ్లేలా చూసుకోండి.

34. కుట్టిన బ్లాకు అంచు నుంచి అంచుకు 9.5 అంగుళాలు ఉండాలి. అప్పుడే పక్క బ్లాకుతో కలిపాక 9 అవుతుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు

- బ్లాకు 9.25 అంగుళాలే వచ్చింది. కుట్టు మార్జిన్ ఎక్కువైంది. పావు అంగుళం బదులు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తీసుకున్నా, ఒక్కో కుట్టుకు రెండు ముక్కల నుంచి కలిపి ఎనిమిదో వంతు పోతుంది. బ్లాకులో రెండు కుట్లు కాబట్టి పావు అంగుళం పోతుంది. అయిదు బ్లాకుల వరసకు అంగుళంపైగా తేడా వస్తుంది. మిషను పాదం పక్కన కాగితం టేపు ముక్క అంటించి దాని వెంట గుడ్డ నడపండి. చేత్తో కుట్టేవాళ్లు ప్రతి ముక్క మీదా కుట్టు గీత గీసుకోవాలి.

- తెర మీద మిల్లీమీటర్లలో గీసేశారు. ఇంక్‌స్కేప్ ఒక్కోసారి పాత యూనిట్‌కే తిరిగి వెళ్తుంది. అంకె కొట్టే ముందు పక్కన ‘ఇన్’ ఉందో లేదో చూడటం అలవాటు చేసుకోండి.

- 9 అంగుళాల బ్లాకునే ప్రింటు తీయాలని చూశారు. ఏ4 కాగితం వెడల్పు 8.27 అంగుళాలే. ప్రింటరు దాన్ని కుదించి అచ్చు వేస్తుంది, ఆ కొలతతో కోస్తే ఏ ముక్కా సరిపోదు. బ్లాకు బొమ్మ చూసుకోవడానికి, అట్ట ముక్కల కాగితం కోయడానికి. ఈ రెండూ వేరువేరు.

- ఎక్కడో సన్నటి తెల్లగీత కనిపిస్తోంది. రెండు ముక్కల మధ్య ఖాళీ మిగిలింది. ఎక్స్, వై అంకెల్లో 2.998 లాంటిది ఉంటే 3 అని కొట్టండి. అంకెలు సరిగ్గా ఉండి కూడా గీత కనిపిస్తే అది తెర చూపించే గీతే, గుడ్డలో ఉండదు.

- క్లోన్ రంగు మారడం లేదు. దాని మూలంలో మార్చాలి. ఒక్కదాన్నే వేరు చేయాలంటే ఎడిట్ మెనూలో క్లోన్ కింద అన్‌లింక్ నొక్కండి.

- కొత్త గుడ్డ, పాత గుడ్డ కలిపి కుట్టారు. కొత్త ఖద్దరు ఉతికితే ముడుచుకుంటుంది, పాత చీర ముడుచుకోదు. బొంత వంకర పోతుంది. కొత్తదాన్ని ముందే నానబెట్టి ఉతికి ఆరేయండి.

- పొరలు జారిపోయాయి. పైపొర ఎంత బాగా వచ్చినా, కింద చీరలు సాపుగా పరిచి చుట్టూ, మధ్యలో కచ్చా కుట్టు వేయకుండా అసలు కుట్టు మొదలుపెడితే మడతలు పడతాయి.

తర్వాత ఏం చేయాలి?

ఈ రెండు బ్లాకులూ చేతికి వచ్చాక గళ్ల సంఖ్య మార్చండి. నాలుగు బై నాలుగు, అయిదు బై అయిదు గళ్లతో ఎన్నో డిజైన్లు వస్తాయి. ఇంటి ముందు వేసే ముగ్గుల్లో సూటి గీతలున్న వాటిని గళ్లలోకి దించి చూడండి. వంపు గీతల జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. వంపు కుట్టడం వేరే విద్య.

కంప్యూటర్ మనకు కుట్టి పెట్టదు. కత్తెర పెట్టకముందే తప్పులన్నీ చేసుకునే చోటు ఇస్తుంది, అంతే. కాబట్టి తెర మీద ఎన్నైనా తప్పులు చేయండి, చీర మీద మాత్రం ఒక్కసారే కోయండి. ఈ వారం తొమ్మిది గళ్లది ఒకటి, నక్షత్రం ఒకటి గీసి, కోసి, కుట్టి, టేపు పెట్టి కొలవండి. 9.5 అంగుళాలు వస్తే మిగతా 33 బ్లాకులకు గుడ్డ తీయవచ్చు. రాకపోతే ఇంకొకటి కుట్టండి.